అవతలి బండికి ఇన్సూరెన్స్ లేకపోతే: అమెరికాలో యూఎం, యూఐఎం కవరేజీ కొనడం నుంచి క్లెయిమ్ దాకా

అమెరికాలో ఉంటున్న మన వాళ్లలో ఎవరినైనా కారు ఇన్సూరెన్స్ గురించి అడగండి, "ఫుల్ కవరేజీ ఉంది" అంటారు. పాలసీ కాగితాల్లో ఆ పేరుతో విడిగా ఏ కవరేజీ ఉండదు. మామూలుగా ఆ మాటకు అర్థం లయబిలిటీ, కొలిజన్, కాంప్రహెన్సివ్ మూడూ తీసుకున్నారని. లయబిలిటీ డబ్బు మీ తప్పు వల్ల నష్టపోయిన అవతలి వాళ్లకు వెళ్తుంది. మిగతా రెండూ మీ బండి కోసం. ఇన్సూరెన్స్ లేని డ్రైవర్ రెడ్ లైట్ దాటుకొచ్చి మిమ్మల్ని గుద్దితే, మీ విరిగిన చేతికి, పక్క సీట్లో ఉన్న అమ్మ ఆపరేషన్‌కు, మూడు నెలలు పోయిన జీతానికి ఈ మూడింట్లో ఏదీ ఒక్క డాలర్ ఇవ్వదు.

ఆ పని చేసేది అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజీ. పాలసీల్లో, ఏజెంట్ల నోట్లో అది యూఎం. గుద్దిన డ్రైవర్‌కు ఇన్సూరెన్స్ ఉన్నా మీ నష్టానికి సరిపోకపోతే ఆదుకునేది అండర్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్, అంటే యూఐఎం. మొత్తం పాలసీలో మీ కోసం, మీ ఇంట్లో వాళ్ల ఒంటి కోసం కొనే ముఖ్యమైన కవరేజీ ఇదే అని నా గట్టి అభిప్రాయం. ప్రీమియం తగ్గించుకునే తొందరలో మన వాళ్లు ముందు తీసేసేదీ ఇదే.

ఇది అరుదుగా వచ్చే ముప్పేమీ కాదు. ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ ఈ మధ్య వేసిన అంచనాల ప్రకారం దేశం మొత్తం మీద సుమారు ఏడుగురు డ్రైవర్లలో ఒకరు ఇన్సూరెన్స్ లేకుండానే నడుపుతున్నారు. ఉన్నవాళ్లలో కూడా చాలామంది దగ్గర ఉండేది రాష్ట్రం అడిగే కనీసం మాత్రమే. టెక్సస్‌లో ఆ కనీసం ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు. కాలిఫోర్నియాలో 2024 చివరి దాకా 15 వేలే, 2025 జనవరి 1 నుంచి 30 వేలు చేశారు. పెన్సిల్వేనియాలో 15 వేలు. ఫ్లోరిడాలో అయితే మామూలు డ్రైవర్‌కు అవతలి వాళ్ల గాయాలకు సంబంధించిన లయబిలిటీ అసలు తప్పనిసరే కాదు. అంబులెన్స్, ఈఆర్ (ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం), ఒక ఎముక ఆపరేషన్ అయ్యేసరికి 30 వేలు ఎప్పుడో దాటిపోతాయి.

ఇక్కడ చెప్పే నియమాలు రాష్ట్రాన్ని బట్టి, మీ పాలసీ భాషను బట్టి మారతాయి. ముఖ్యమైన చోట ఏ రాష్ట్రమో పేరుతో చెబుతున్నాను. మీది వేరే రాష్ట్రమైతే అదే ప్రశ్న మీ ఏజెంట్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

1. డెక్లరేషన్ పేజీ తీసి ఆ లైన్లు వెతకండి

ఇన్సూరెన్స్ యాప్‌లోకి వెళ్లి పాలసీ డాక్యుమెంట్లలో డెక్లరేషన్ పేజీ తెరవండి. డెక్ పేజీ అని కూడా అంటారు. ఫోన్‌లో చూపించే ఐడీ కార్డు సరిపోదు, అందులో ఈ వివరాలు ఉండవు. డెక్ పేజీలో యూఎం బాడిలీ ఇంజురీ (గాయాలకు), యూఐఎం బాడిలీ ఇంజురీ, యూఎం ప్రాపర్టీ డ్యామేజ్ (బండి నష్టానికి) అనే లైన్లు ఉన్నాయేమో చూడండి. కొన్ని రాష్ట్రాల్లో మొదటి రెండూ ఒకే లైన్‌లో కలిపి ఉంటాయి, కొన్నిచోట్ల విడివిడిగా కొనాలి. యూఎం ఉంది కదా అని యూఐఎం కూడా ఉందనుకోకండి.

ఎదురుగా 100/300 అని ఉంటే, ఒక మనిషికి గరిష్ఠంగా లక్ష డాలర్లు, ఒక యాక్సిడెంట్ మొత్తానికి అందరికీ కలిపి 3 లక్షలు అని అర్థం. "రిజెక్టెడ్", "డిక్లైన్డ్" అని ఉన్నా, ఖాళీగా ఉన్నా మీకు ఆ కవరేజీ లేదు.

"నేనెప్పుడూ వద్దనలేదే" అని చాలామంది ఆశ్చర్యపోతారు. న్యూయార్క్, ఇల్లినాయ్, వర్జీనియా, మేరీల్యాండ్ లాంటి చోట్ల యూఎం పాలసీలో తప్పనిసరిగా ఉంటుంది. టెక్సస్, కాలిఫోర్నియా, జార్జియా, ఫ్లోరిడాల్లో కంపెనీ దాన్ని ఇచ్చి తీరాలి, కానీ మీరు రాతపూర్వకంగా వద్దనవచ్చు. ఆన్‌లైన్‌లో చవక కోట్ కోసం చూస్తూ వరసగా పెట్టుకుంటూ పోయిన ఈ-సంతకాల్లో ఆ తిరస్కరణ ఫారం కూడా ఉండి ఉంటుంది. మీ సంతకం ఉన్న కాపీ పంపమని కంపెనీని అడగండి. యాక్సిడెంట్ అయ్యాక కూడా ఈ కాపీ అడగడం మంచిదే, ఎందుకంటే చట్టం కోరిన తిరస్కరణ కంపెనీ దగ్గర లేకపోతే, కవరేజీ ఉన్నట్టే లెక్కగట్టే రాష్ట్రాలు ఉన్నాయి.

2. మీ రాష్ట్రంలో యూఐఎం ఎలా లెక్కగడతారో తెలుసుకోండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఒకే అంకె ఉన్న కవరేజీ రెండు రాష్ట్రాల్లో రెండు రకాలుగా పనిచేస్తుంది. అందుకే కాస్త నిదానంగా చూద్దాం.

మీ నష్టం మొత్తం లక్షా 20 వేల డాలర్లు అనుకుందాం. గుద్దిన డ్రైవర్ పాలసీ 30 వేలు ఇచ్చి చేతులెత్తేసింది. మీ యూఐఎం లిమిట్ లక్ష.

టెక్సస్‌లో అవతలి కంపెనీ ఇచ్చిన 30 వేలను మీ మొత్తం నష్టంలోంచి తీసేస్తారు. మిగిలింది 90 వేలు. మీ లిమిట్ లక్ష కాబట్టి ఆ 90 వేలూ రావచ్చు. కాలిఫోర్నియాలో అదే 30 వేలను మీ లిమిట్‌లోంచే తీసేస్తారు. కాబట్టి మీ కంపెనీ నుంచి వచ్చేది ఎక్కువలో ఎక్కువ 70 వేలు. ఒహాయో, ఇల్లినాయ్‌లలో కూడా ఇలా లిమిట్‌లోంచి తగ్గించే పద్ధతే.

ఇప్పుడు మీ యూఐఎం కూడా 30 వేలే అనుకోండి. టెక్సస్‌లో ఆ 30 వేలూ వస్తాయి, మొత్తం 60 వేలు చేతికందుతాయి. కాలిఫోర్నియాలో 30 లోంచి 30 పోతే సున్నా. ఏళ్ల తరబడి ప్రీమియం కట్టినా, గుద్దినవాడికి రాష్ట్ర కనీసం ఉన్నంత మాత్రాన మీ యూఐఎం మీకు పనికిరాకుండా పోతుంది. లిమిట్‌లోంచి తగ్గించే రాష్ట్రంలో ఉండి కనీస యూఐఎం తీసుకోవడం డబ్బు దండగ.

జార్జియాలో ఈ రెండు రకాలూ అమ్ముతారు. ఒకటి యాడ్-ఆన్, అంటే అవతలి డబ్బు పైన అదనంగా చేరేది, రెండోది రిడ్యూస్డ్-బై, అంటే లిమిట్‌లోంచి తగ్గించేది. రెండోది కొంచెం చవక. యాడ్-ఆన్ తీసుకోండి. వర్జీనియాలో 2023 జులై 1 నుంచి కొత్తగా తీసుకున్న, రెన్యూ అయిన పాలసీల్లో మీరు ప్రత్యేకంగా వద్దంటే తప్ప, అవతలి డబ్బు పైన మీ యూఐఎం అదనంగా చేరుతుంది.

ఇంట్లో రెండు కార్లుంటే స్టాకింగ్ గురించి కూడా అడగండి. పెన్సిల్వేనియా, ఫ్లోరిడా లాంటి చోట్ల ఒక్కో కారు మీద ఉన్న యూఎం లిమిట్లను కలుపుకునే వీలుంది. అంటే రెండు కార్లకు లక్ష చొప్పున ఉంటే, మీకు 2 లక్షలు ఉన్నట్టు. స్టాకింగ్ వద్దని సంతకం పెడితే ప్రీమియం తగ్గుతుంది, ఆ హక్కూ పోతుంది.

3. ఎంత లిమిట్ తీసుకోవాలి

చాలా రాష్ట్రాల్లో యూఎం లిమిట్ మీ లయబిలిటీ లిమిట్‌ను మించకూడదు. కాబట్టి ముందు లయబిలిటీ పెంచాలి, తర్వాత యూఎం, యూఐఎంలను దానికి సమానం చేయాలి. కుటుంబం ఉన్నవాళ్లకు 100/300 కంటే తక్కువ నేను ఎవరికీ చెప్పను. స్తోమత ఉంటే 250/500. నలుగురు కూర్చున్న కారు దెబ్బతింటే ఆ రెండో అంకె నలుగురికీ కలిపి అన్న సంగతి గుర్తుంచుకోండి.

ప్రీమియం భారం అనిపిస్తే తగ్గించాల్సింది వేరే చోట. కొలిజన్ డిడక్టబుల్‌ను, అంటే రిపేరులో ముందు మీ చేతి నుంచి పెట్టుకునే మొత్తాన్ని, 500 నుంచి 1,000 చేయండి, మిగిలిన డబ్బు ఇటు మళ్లించండి. కారుకు వెయ్యి డాలర్లు చేతి నుంచి పెట్టుకోగలరు, వెన్నెముక ఆపరేషన్‌కు పెట్టుకోలేరు. ఎంఎస్‌కు వచ్చి పాత కారు కొనుక్కున్న పిల్లలకూ ఇదే చెబుతాను. ఐదు వేల డాలర్ల బండికి కొలిజన్ మానేసినా ఫర్వాలేదు, యూఎం మాత్రం మానొద్దు.

ఎంబ్రెల్లా పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. మామూలు ఎంబ్రెల్లా మీ మీద ఎవరైనా కేసు వేస్తే కాపాడేది. అందులో యూఎం, యూఐఎం ఉండాలంటే విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే అదనపు కవరేజీ) కొనాలి, అది అన్ని కంపెనీలూ ఇవ్వవు.

4. ఎవరెవరికి వర్తిస్తుందో అడిగి ఉంచుకోండి

పాలసీలో పేరున్నవారు, వారి జీవిత భాగస్వామి, అదే ఇంట్లో ఉండే బంధువులకు యూఎం కారు బయట కూడా వెంట వస్తుంది. నడుస్తున్నా, సైకిల్ మీద ఉన్నా, స్నేహితుడి కారులో కూర్చున్నా చాలా రాష్ట్రాల్లో వర్తిస్తుంది. మీ కారులో కూర్చున్న మిగతావారికి ఆ కారులో ఉన్నంతసేపే.

ఈ తేడా మన ఇళ్లలో బాగా అవసరమయ్యేది అమ్మానాన్నలు ఆరు నెలలకని వచ్చినప్పుడు. మీ కారులో ఉండగా ఎవరైనా గుద్దితే వాళ్లు ప్రయాణికులు, యూఎం వర్తిస్తుంది. కానీ ఉదయం వాకింగ్‌కు వెళ్లిన నాన్నను గుద్ది ఎవరో పారిపోతే? అప్పుడు ఆయన మీ ఇంట్లో "నివసిస్తున్న బంధువా", లేక చూడటానికి వచ్చిన అతిథా అన్న ప్రశ్న వస్తుంది. దానికి జవాబు మీ పాలసీలోని నిర్వచనాల పేజీలో ఉంటుంది. వాళ్లు విమానం ఎక్కకముందే కంపెనీకి ఈమెయిల్ పెట్టి అడగండి. జవాబు ఏదైనా సరే, వాళ్లకు విజిటర్ మెడికల్ ఇన్సూరెన్స్ తీసుకోవడం మాత్రం మానొద్దు.

రూమ్మేట్లు బంధువులు కారు. మీ పాలసీ వాళ్లకు మీ కారులో ఉన్నప్పుడే పనిచేస్తుంది. అద్దె కారు తీసుకున్నప్పుడు మీ సొంత యూఎం చాలావరకు మీతో వస్తుంది, క్రెడిట్ కార్డు ఇచ్చే రెంటల్ కవరేజీ మాత్రం ఆ బండి డ్యామేజీకే. డబ్బు తీసుకుని ఫుడ్ డెలివరీ, రైడ్‌షేర్ చేస్తుండగా జరిగితే ప్రత్యేక ఎండార్స్‌మెంట్ లేని పర్సనల్ పాలసీ చాలాసార్లు క్లెయిమ్ తిరస్కరిస్తుంది.

5. యాక్సిడెంట్ అయిన గంటలో

911కు ఫోన్ చేయండి. దెబ్బలు చిన్నవిగా కనిపించినా పోలీసు రిపోర్టు కావాలి, ఎందుకంటే అవతలి వ్యక్తికి ఇన్సూరెన్స్ లేదని, తప్పు అతనిదేనని తర్వాత మీ కంపెనీకి మీరే చూపించాలి.

"పోలీసులు వద్దు, నాకు ఇన్సూరెన్స్ లేదు, 500 క్యాష్ ఇస్తాను" అనే డ్రైవర్ తగులుతాడు. జాలి కలగొచ్చు. డబ్బు తీసుకోకండి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఆ 500తో మీ యూఎం క్లెయిమ్‌కే ఎసరు రావచ్చు.

ఫోటోలు తీయండి. రెండు బండ్ల నంబర్ ప్లేట్లు, డ్యామేజీ, సిగ్నల్, టైర్ల గుర్తులు, అవతలి డ్రైవర్ లైసెన్స్, ఇన్సూరెన్స్ కార్డు. కార్డు చూపించాడంటే ఇన్సూరెన్స్ ఉన్నట్టు కాదు. డబ్బు కట్టక ఆగిపోయిన పాలసీ కార్డు కూడా చూడటానికి అలాగే ఉంటుంది. బండి ఓనర్ వేరే అయితే ఆ పేరు రాసుకోండి, ఓనర్ పాలసీ వర్తించవచ్చు. సాక్షులు వెళ్లిపోకముందే ఫోన్ నంబర్లు తీసుకోండి. పక్కన గ్యాస్ స్టేషన్ ఉంటే కెమెరా ఫుటేజీ భద్రపరచమని ఆ రోజే అడగండి, కొన్ని రోజుల్లోనే అది చెరిగిపోవచ్చు.

మన వాళ్లకు ఒక అలవాటుంది. ఎవరు అడిగినా మర్యాదకు "ఐయామ్ ఫైన్, నో ప్రాబ్లమ్, సారీ" అంటాం. పోలీసు ఆఫీసర్ అది రిపోర్టులో రాస్తాడు. మెడ నొప్పి, నడుం నొప్పి చాలాసార్లు మర్నాటికి గాని తెలియవు. "ఇంకా తెలియదు, డాక్టర్‌కు చూపించుకుంటాను" అనండి, అదే నిజం కూడా.

గుద్ది పారిపోతే ఇంకా తొందరపడాలి. హిట్ అండ్ రన్‌ను యూఎం కిందే చూస్తారు, కానీ షరతులు కఠినం. కాలిఫోర్నియాలో 24 గంటల్లో పోలీసులకు చెప్పాలి, 30 రోజుల్లో కంపెనీకి ప్రమాణపూర్వక స్టేట్‌మెంట్ ఇవ్వాలి. కాలిఫోర్నియా, టెక్సస్, న్యూయార్క్‌లలో ఆ బండి మీకు లేదా మీ బండికి భౌతికంగా తగిలి ఉండాలి. ఎవడో అడ్డంగా వస్తే తప్పించబోయి మీరు డివైడర్‌ను గుద్దితే అక్కడ క్లెయిమ్ నిలవడం కష్టం. జార్జియాలో తగలకపోయినా మీరు కాకుండా మరో ప్రత్యక్ష సాక్షి ధ్రువీకరిస్తే చాలు. మీ బంపర్‌కు అంటిన అవతలి బండి రంగును కడిగించకుండా ఫోటో తీయండి. మంచి డ్యాష్‌క్యామ్ ఒకటి కొనుక్కోండి, ఇలాంటప్పుడు దానిని మించిన సాక్ష్యం లేదు.

6. వైద్యం, బిల్లులు

వీలైతే అదే రోజు, లేదంటే మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మధ్యలో మూడు వారాలు ఖాళీ ఉంటే "యాక్సిడెంట్ వల్లే అని ఏంటి నమ్మకం?" అని అడ్జస్టర్, అంటే క్లెయిమ్ పరిశీలించే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి, అడుగుతాడు. ఫ్లోరిడాలో పిప్ (మీ పాలసీలోనే ఉండే వైద్య ఖర్చుల కవరేజీ) డబ్బు రావాలంటే 14 రోజుల్లోపు వైద్యం మొదలుపెట్టడం చట్టమే పెట్టిన షరతు.

బిల్లులు ముందు ఎవరికి పంపాలి? పిప్ లేదా అలాంటిదే అయిన మెడ్‌పే ఉంటే అవి తప్పెవరిదని చూడకుండా కడతాయి, మొదట వాటికే. తర్వాత మీ హెల్త్ ఇన్సూరెన్స్. యూఎం డబ్బు బిల్లు వచ్చినప్పుడల్లా కట్టేది కాదు, చివర్లో ఒకేసారి సెటిల్ అయ్యేది. ఆ లోపు ఆసుపత్రి బిల్లు కలెక్షన్స్‌కు (బాకీ వసూలు ఏజెన్సీకి) వెళ్లనివ్వకండి.

హెల్త్ ఇన్సూరెన్స్ నుంచి "ఇది యాక్సిడెంటా?" అని ఒక ఫారం వస్తుంది. పక్కన పడేయకండి. సెటిల్‌మెంట్ వచ్చాక తాము కట్టిన డబ్బు తిరిగి ఇమ్మని వాళ్లు అడగొచ్చు. పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్ల హెల్త్ ప్లాన్లు చాలావరకు సెల్ఫ్-ఫండెడ్, అంటే ఎంప్లాయరే డబ్బు పెట్టేవి. వాటికి ఫెడరల్ చట్టం ఎరీసా కింద ఈ హక్కు బలంగా ఉంటుంది. సెటిల్‌మెంట్ అంకె ఒప్పుకునే ముందే వాళ్లకు ఎంత ఇవ్వాలో కనుక్కోండి, తగ్గించమని బేరమాడండి, చాలాసార్లు తగ్గిస్తారు.

ఒక ఫోల్డర్ పెట్టుకుని బిల్లులు, ఈఓబీలు (హెల్త్ ఇన్సూరెన్స్ ఏది ఎంత కట్టిందో చూపే కాగితాలు), మందుల రసీదులు, పే స్టబ్‌లు, సెలవుల లెక్క అందులో వేస్తూ పోండి. పీటీఓ (జీతంతో కూడిన సెలవు) వాడుకున్నా అది మీ నష్టమే, అడగండి. రోజుకు రెండు వాక్యాలు రాసుకోండి. పాపను ఎత్తుకోలేకపోయాను, రాత్రి నిద్ర లేదు, అరగంట కంటే కూర్చోలేకపోతున్నాను. ఆరు నెలల తర్వాత ఇవి గుర్తుండవు, నొప్పి, బాధలకు ఇచ్చే పరిహారానికి ఆధారం ఇవే.

అమ్మానాన్నలు ఇండియా తిరిగి వెళ్లాల్సి వస్తే క్లెయిమ్ ఆగిపోదు. కానీ వెళ్లేలోపు ఇక్కడి డాక్టర్‌తో పూర్తి పరీక్ష, రాతపూర్వక నివేదిక తీసుకోండి. కంపెనీకి వాళ్ల స్టేట్‌మెంట్, వైద్య పరీక్ష ఏమైనా కావాలంటే ప్రయాణ తేదీ చెప్పి ముందే ఏర్పాటు చేయమనండి. అక్కడి వైద్యం బిల్లులు, ఇంగ్లిష్‌లో రిపోర్టులు పంపొచ్చు. ఇంకో విషయం, వీసా స్టేటస్‌కూ ఈ క్లెయిమ్‌కూ సంబంధం లేదు. ఎఫ్-1 అయినా, హెచ్-1బీ అయినా, బీ-2 అయినా ఇది మీరు ప్రీమియం కట్టి కొన్న ఒప్పందం కింద అడిగే డబ్బు. దీనికి భయపడి ఊరుకోవద్దు.

7. కారు సంగతి

ఇది సులువు. కొలిజన్ ఉంటే దాని కింద బాగుచేయించుకోవడం తొందరగా తేలుతుంది, డిడక్టబుల్ మాత్రం పడుతుంది. యూఎం ప్రాపర్టీ డ్యామేజ్ ఉంటే టెక్సస్‌లో దాని డిడక్టబుల్ 250 డాలర్లే. కాలిఫోర్నియాలో అది 3,500 డాలర్ల వరకే ఇస్తుంది. అందుకే అక్కడ కొలిజన్ ఉన్నవాళ్లు కొలిజన్ డిడక్టబుల్ వేవర్ తీసుకుంటారు. గుద్దినవాడికి ఇన్సూరెన్స్ లేదని తేలితే డిడక్టబుల్ మాఫీ అవుతుంది.

8. క్లెయిమ్ వేయడం

అవతలి కంపెనీ పేరు తెలిస్తే వాళ్ల దగ్గర, మీ కంపెనీ దగ్గర రెండు చోట్లా వెంటనే చెప్పండి. మీ కంపెనీకి ఈమెయిల్‌లో "యూఎం, యూఐఎం క్లెయిమ్ రావచ్చు, దీన్ని నోటీసుగా తీసుకోండి" అని స్పష్టంగా రాయండి. అవతలి వాళ్ల లిమిట్ సరిపోదని తెలిసేదాకా ఆగి చెబితే, ఆలస్యం చేశారని మీ కంపెనీయే అభ్యంతరం పెట్టొచ్చు.

అవతలి కంపెనీ పాలసీ లేదంటే, రద్దయిందంటే, కవరేజీ నిరాకరిస్తే ఆ మాట లెటర్‌గా తీసుకోండి. ఆ లెటరే యూఎంకు తాళంచెవి. పాలసీ ఉంటే దాని లిమిట్ ఎంతో రాతలో అడగండి. ఫ్లోరిడాలో అడిగిన 30 రోజుల్లో వాళ్లు చెప్పాలని చట్టం ఉంది.

ఇక్కడి నుంచి మీ కంపెనీతో మీ సంబంధం మారిపోతుంది. అడ్జస్టర్ ఎంత ప్రేమగా మాట్లాడినా, యూఎం క్లెయిమ్‌లో అతను గుద్దినవాడి స్థానంలో కూర్చుని లెక్క చూస్తాడు. తప్పులో మీ వాటా ఎంత, నొప్పి పాతదా కొత్తదా అని తవ్వుతాడు. పాలసీ ప్రకారం మీరు సహకరించాలి కాబట్టి రికార్డెడ్ స్టేట్‌మెంట్ అడిగితే పూర్తిగా కాదనలేరు, కానీ పోలీసు రిపోర్టు చదువుకుని, తీరిగ్గా ఒక టైం పెట్టుకుని ఇవ్వండి. తెలియనిదానికి తెలియదనండి. అవతలి కంపెనీకి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన పని లేదు.

క్లెయిమ్ వేస్తే ప్రీమియం పెరుగుతుందని టెన్షన్ పడి మానేసేవాళ్లున్నారు. కాలిఫోర్నియాలో మీ తప్పు లేని యాక్సిడెంట్‌కు రేటు పెంచడం కుదరదు. మిగతాచోట్ల మీ ఏజెంట్‌ను అడగండి. కానీ పెద్ద గాయం అయినప్పుడు ఈ లెక్క వేసుకోవడమే పొరపాటు.

9. సంతకం పెట్టే ముందు ఆగండి

మొత్తం ప్రక్రియలో కోలుకోలేని తప్పు జరిగేది ఇక్కడ. అవతలి కంపెనీ "మా లిమిట్ 30 వేలూ ఇచ్చేస్తాం, ఈ రిలీజ్ మీద సంతకం పెట్టండి" అంటుంది. సంతోషంగా పెట్టేస్తారు. ఆ రిలీజ్‌తో గుద్దిన డ్రైవర్‌కు పూర్తి విముక్తి దొరుకుతుంది. మీకు యూఐఎం డబ్బు ఇచ్చాక ఆ డ్రైవర్ మీదికి వెళ్లి వసూలు చేసుకునే హక్కు మీ కంపెనీకి ఉంటుంది, దాన్ని సబ్రొగేషన్ అంటారు. మీరు సంతకంతో ఆ హక్కు పోగొట్టారు కాబట్టి యూఐఎం ఇవ్వబోమని మీ కంపెనీ అనగలదు.

కాబట్టి వరస ఇదీ. అవతలి కంపెనీ ఆఫర్‌ను లెటర్‌గా తీసుకోండి. ఆ డ్రైవర్‌కు వేరే ఇన్సూరెన్స్ ఏదీ లేదని అఫిడవిట్ అడగండి. ఈ రెండూ జతచేసి "సెటిల్ చేసుకోవడానికి మీ అనుమతి కావాలి" అని మీ కంపెనీకి రాయండి. రాతపూర్వక అనుమతి వచ్చాకే సంతకం. న్యూజెర్సీలో దీన్ని లాంగ్‌వర్త్ లెటర్ అంటారు, మిన్నెసోటాలో ష్మిట్-క్లాథియర్ నోటీసు. రెండు చోట్లా కంపెనీకి 30 రోజులు టైం ఇస్తారు. ఆ లోపు కంపెనీ అనుమతి ఇవ్వాలి, లేదా తన హక్కు కాపాడుకోవాలనుకుంటే అవతలి వాళ్ల ఆఫర్ మొత్తాన్ని తనే మీకు చెల్లించాలి. కాలిఫోర్నియాలో అవతలి లిమిట్ మొత్తం తీసుకుని రుజువు చూపించాకే యూఐఎం దారి తెరుచుకుంటుంది.

మొదటి వారంలోనే వెయ్యి, పదిహేను వందల చెక్కు పంపి "ఫైనల్ రిలీజ్" అడిగే పద్ధతి కూడా ఉంది. వైద్యం పూర్తయి, ఇక ఇంతకంటే మెరుగయ్యేది లేదని డాక్టర్ చెప్పేదాకా గాయాల క్లెయిమ్ ముగించకండి. కానీ గడువు మీద కన్నేసి ఉంచండి. గాయాలకు కేసు వేసే గడువు టెక్సస్, కాలిఫోర్నియా, న్యూజెర్సీల్లో మామూలుగా రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు. ఫ్లోరిడాలో నాలుగేళ్లున్నది 2023 మార్చిలో రెండేళ్లకు తగ్గింది. యూఎం క్లెయిమ్ గడువు విడిగా ఉండొచ్చు. కాలిఫోర్నియాలో యూఎం కింద రెండేళ్లలోపు సెటిల్ కావాలి, లేదా ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి ఇచ్చే తీర్పు) అడగాలి, లేదా ఆ డ్రైవర్ మీద కేసు వేసి ఉండాలి. అడ్జస్టర్‌తో ఈమెయిల్స్ నడుస్తున్నంత మాత్రాన ఏ గడువూ ఆగదు.

10. అంకె కుదరకపోతే

బిల్లులు, జీతం నష్టం, డాక్టర్ నివేదిక, మీ డైరీ, మీరు కోరే మొత్తం కలిపి డిమాండ్ లెటర్ పంపండి. తక్కువ ఆఫర్ వస్తే ఏ లెక్కన తగ్గించారో రాతలో అడగండి. జవాబివ్వకుండా సాగదీస్తుంటే మీ రాష్ట్ర డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయండి, ఖర్చు లేదు. మీ బాధకు ఎంత విలువ కట్టాలో వాళ్లు తేల్చరు గానీ, కంపెనీ జవాబు చెప్పి తీరాలి.

కాలిఫోర్నియాలో యూఎం వివాదం ఆర్బిట్రేషన్‌కు వెళ్తుంది. టెక్సస్‌లో పరిస్థితి వేరు. 2006లో బ్రెయినార్డ్ కేసులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, గుద్దిన డ్రైవర్ తప్పు, మీ నష్టం ఎంత అనేవి కోర్టు తీర్పులో తేలేదాకా యూఐఎం డబ్బు చెల్లించే ఒప్పంద బాధ్యత కంపెనీకి రాదు. అందుకని అక్కడ పెద్ద క్లెయిమ్ బేరం దగ్గర చిక్కుకుంటే సొంత కంపెనీ మీదే కేసు వేయాల్సి రావచ్చు.

లాయర్ ఎప్పుడు? కారు డ్యామేజీ ఒక్కటే అయితే అక్కర్లేదు. ఒక ఈఆర్ విజిట్, కొన్ని ఫిజికల్ థెరపీ సెషన్లతో సరిపోతే ఓపిక ఉన్నవాళ్లు సొంతంగా చేసుకోవచ్చు. ఎముక విరిగినా, డిస్క్ సమస్య బయటపడినా, ఆపరేషన్ అన్నా, ప్రాణం పోయినా లాయర్ లేకుండా అడుగు వేయకండి. ముందుగా డబ్బు అడగరు, వచ్చినదాంట్లో సాధారణంగా మూడో వంతు, కోర్టుకెళ్తే ఇంకాస్త ఎక్కువ తీసుకుంటారు. తెలిసినవాళ్ల తెలిసినవాళ్లని కాకుండా, యూఎం, యూఐఎం కేసులు నిజంగా చేసిన వ్యక్తేనా అని అడగండి, రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో లైసెన్స్ చూడండి.

11. యూఎం లేకుండానే ప్రమాదం జరిగిపోతే

దారులు తక్కువే, అయినా అన్నీ తట్టండి. బండి ఓనర్‌కు వేరే పాలసీ ఉందా? ఆ డ్రైవర్ ఆ సమయంలో ఏదైనా కంపెనీ పని మీద ఉన్నాడా? అలా అయితే ఆ ఎంప్లాయర్ మీద క్లెయిమ్ వేయొచ్చు. మీరు వేరేవాళ్ల కారులో ఉంటే వాళ్ల యూఎం, మీ ఇంట్లో మరో బంధువు పేరున పాలసీ ఉంటే అది చూడండి. డ్రైవర్ మీద నేరుగా కేసు వేయొచ్చు గానీ, ఇన్సూరెన్స్ కట్టలేని మనిషి దగ్గర వసూలు చేయడం చాలా కష్టం.

న్యూయార్క్‌లో ఏ కవరేజీ లేని బాధితుల కోసం ఎంవీఏఐసీ అనే సంస్థ ఉంది, న్యూజెర్సీలో అన్‌సాటిస్‌ఫైడ్ క్లెయిమ్ అండ్ జడ్జ్‌మెంట్ ఫండ్ ఉంది. వీటికి నోటీసు ఇచ్చే గడువులు నెలల్లోనే ఉంటాయి, అర్హతలూ పరిమితమే, కాబట్టి మొదటి వారంలోనే విచారించండి. తాగి నడిపినవాడో, గుద్ది పారిపోయినవాడో అయితే అది నేరం కూడా. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో క్రైమ్ విక్టిమ్స్ కాంపెన్సేషన్ కింద వైద్యం ఖర్చులకు, పోయిన జీతానికి కొంత ఇస్తారు. పోలీసు రిపోర్టు నంబర్‌తో దరఖాస్తు చేయాలి, ఆ ఫారం జిల్లా అటార్నీ ఆఫీసులోని విక్టిమ్ సర్వీసెస్ విభాగంలో అడిగితే ఇస్తారు, నింపడంలో సాయం కూడా చేస్తారు.